ఎంజైములున్నా అరగని ఆహారం: జీర్ణాశయం తొలగించిన ఒక రోగి కేస్ స్టడీ

క్లోమగ్రంథి ఎంజైములను తయారుచేస్తూనే ఉన్నా, అవి ఆహారాన్ని సరైన చోట, సరైన సమయంలో కలుసుకోకపోతే మనిషి తిన్నది ఒంటికి పట్టదు. జీర్ణకోశ వ్యాధుల వైద్యుడిగా ఈ కేసును రాసి పెట్టడానికి కారణం అదే. రోగి అనుమతితో రాస్తున్నాను. ఆయనను గుర్తుపట్టే వీలున్న వివరాలను వదిలేశాను. వయసు, కాలవ్యవధి ఉజ్జాయింపుగానే ఇచ్చాను.

నేపథ్యం

రోగి అరవై దాటిన పురుషుడు. మా దగ్గరికి రావడానికి రెండేళ్ల ముందు జీర్ణాశయ క్యాన్సర్‌కు జీర్ణాశయాన్ని పూర్తిగా తొలగించే శస్త్రచికిత్స జరిగింది, దాని తర్వాత కీమోథెరపీ కూడా పూర్తయింది. అన్నవాహికను చిన్నపేగు మధ్యభాగమైన జెజునానికి నేరుగా కలిపి, పైత్యరసాన్నీ క్లోమరసాన్నీ తెచ్చే ఆంత్రమూలాన్ని (చిన్నపేగు మొదటి భాగాన్ని) పక్క పాయగా మార్చి, అర మీటరు దిగువన ఆ పాయను తిరిగి పేగుకు కలిపారు. రూ-ఎన్-వై అని పిలిచే ఈ అమరిక ఇలాంటి శస్త్రచికిత్సల్లో సాధారణంగా చేసేదే. పైత్యరసం అన్నవాహికలోకి ఎగదన్నకుండా కాపాడడం దీని ఉద్దేశం, ఆ పని ఇది బాగానే చేస్తుంది.

శస్త్రచికిత్సకు ముందు ఆయన బరువు 68 కిలోలు. ఆ తర్వాతి నెలల్లో 57కు తగ్గి కొంతకాలం నిలిచింది. జీర్ణాశయం తీసేసినవారిలో ఇంత తగ్గడం అరుదు కాదు. ఆందోళన కలిగించింది మాత్రం ఆ తర్వాత జరిగినది. నిలిచిన బరువు మళ్లీ దిగడం మొదలై, మేము మొదటిసారి చూసేనాటికి 49కి చేరింది.

జీర్ణాశయం లేకుండా మనిషి బతకగలడని వైద్యలోకానికి 1897 నుంచీ తెలుసు. ఆ ఏడాది స్విట్జర్లాండ్‌లోని జూరిచ్‌లో కార్ల్ ష్లాటర్ అనే సర్జన్ ఒక రోగికి జీర్ణాశయాన్ని మొత్తంగా తొలగించగా, ఆ రోగి ఏడాదికి పైగా జీవించారు. అయితే జీర్ణాశయం ఆహారాన్ని నిల్వచేసే సంచి మాత్రమే కాదు. ఆహారాన్ని మెత్తగా నూరి కొద్దికొద్దిగా కిందికి వదలడం దాని పని. పెప్సిన్‌తో ప్రోటీన్లను తుంచడం మొదలుపెట్టేదీ, సొంత లైపేజ్‌తో కొవ్వులో కొంత భాగాన్ని విడగొట్టేదీ అదే. ఇక్కడ అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఆంత్రమూలంలోకి ఆమ్లం దిగినప్పుడు దాని గోడ నుంచి సెక్రెటిన్ అనే హార్మోను, కొవ్వూ ప్రోటీనూ దిగినప్పుడు కోలెసిస్టోకైనిన్ అనే హార్మోను రక్తంలోకి విడుదలవుతాయి. మొదటిది క్లోమం చేత క్షారగుణం గల నీటిరసాన్ని స్రవింపజేస్తుంది. రెండవది ఎంజైములను విడుదల చేయించడమే కాక పిత్తాశయాన్ని కూడా ముడుచుకునేలా చేస్తుంది. మామూలు మనిషిలో ఆహారమూ దాన్ని అరిగించే రసాలూ ఒకే చోట, ఒకే సమయానికి కలిసేది ఈ సంకేతాల వల్లే.

మా రోగిలో ఆహారం ఆంత్రమూలాన్ని తాకనే తాకదు, ఆమ్లం అసలు లేదు, శస్త్రచికిత్సలో వేగస్ నరపు శాఖలు తెగినందున తినడం మొదలుపెట్టగానే మెదడు నుంచి క్లోమానికి అందే సంకేతం కూడా బలహీనపడింది. ఆహారం అన్నవాహిక నుంచి జెజునంలోకి జారి దిగువకు సాగిపోతూ ఉంటే, ఎంజైములు మరో పాయలో, తక్కువ మోతాదులో, ఆలస్యంగా బయలుదేరతాయి.

రోగి చెప్పిన ఇబ్బంది

ఆయన చెప్పినవాటిలో నా దృష్టిని మొదట ఆకర్షించింది ఆకలి. క్యాన్సర్ తిరగబెట్టినవారిలో తరచుగా ఆకలి చచ్చిపోతుంది. ఈయన మాత్రం రోజుకు ఆరుసార్లు చిన్న చిన్న మోతాదుల్లో ఇష్టంగా తింటున్నారు. పోషకాహార నిపుణురాలు కొన్ని రోజుల ఆహారాన్ని రాయించి లెక్కగడితే రోజుకు దాదాపు 1,900 కేలరీలు వచ్చాయి, ఆ బరువున్న మనిషికి అది తక్కువేమీ కాదు. ఇంత తింటున్నా చిక్కిపోతున్నారంటే, లోపం తినడంలో కాక పట్టడంలో ఉండాలి.

విరేచనాలు రోజుకు నాలుగైదు అవుతున్నాయి. నీళ్ల విరేచనాలు కావు. పరిమాణం ఎక్కువ, లేత రంగు, తీవ్రమైన దుర్వాసన, ఎంత నీళ్లు పోసినా అంటుకునే జిడ్డు. కడుపుబ్బరం, గ్యాస్ సాయంత్రానికి పెరిగేవి. అడిగితేనే చెప్పిన మరో సంగతి, కొన్ని నెలలుగా మసక వెలుతురులో చూపు సరిగా ఆనడం లేదని. రక్తపరీక్షల్లో విటమిన్ ఎ, విటమిన్ డి రెండూ తక్కువగా ఉన్నాయి, ప్రోథ్రాంబిన్ సమయం (రక్తం గడ్డకట్టడానికి పట్టే వ్యవధి, విటమిన్ కె తగ్గితే పెరుగుతుంది) కొద్దిగా పెరిగింది. బి12 మాత్రం సరిగ్గా ఉంది, ఎందుకంటే శస్త్రచికిత్స నాటి నుంచీ ఇంజెక్షన్ రూపంలో తీసుకుంటున్నారు. కొవ్వుతో పాటు పేగు నుంచి ఒంటికి పట్టాల్సిన ఎ, డి, కె విటమిన్లు మూడూ ఒకేసారి లోపించడం చూస్తే, కొవ్వు జీర్ణం కావడం లేదనడానికి ఇది చాలా బలమైన సూచన.

అంతకుముందు చేసినవి

మా దగ్గరికి వచ్చేసరికి చాలా ప్రయత్నాలు జరిగాయి, వాటిలో ఎక్కువ భాగం తర్కబద్ధమైనవే. మొదట అందరూ భయపడింది క్యాన్సర్ తిరిగి వచ్చిందేమోనని. స్కానింగ్, ఎండోస్కోపీ చేసి, అతుకు దగ్గరా జెజునంలోనూ చిన్న ముక్కలు తీసి పరీక్షించగా వ్యాధి ఆనవాళ్లు లేవు, పేగు గోడ మామూలుగానే ఉంది. గోధుమల్లోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే సీలియాక్ వ్యాధికి సంబంధించిన యాంటీబాడీలూ కనిపించలేదు. ఈ వరుస సరైనదే. ప్రాణాంతకమైనదాన్ని ముందు తోసిపుచ్చకుండా ఎంజైముల గురించి ఆలోచించడం తగదు.

తర్వాత ఇది డంపింగ్ (ఆహారం మరీ వేగంగా పేగులోకి జారడం వల్ల వచ్చే ఇబ్బంది) కావచ్చని భావించి తీపి తగ్గించి, ద్రవాలను భోజనంతో కాక విడిగా తీసుకోమన్నారు. తిన్న అరగంటకు వచ్చే గుండెదడ, చెమట తగ్గాయి; బరువు మాత్రం తగ్గుతూనే ఉంది. లోపెరమైడ్ అనే మందుతో విరేచనాల సంఖ్య తగ్గినా వాటి జిడ్డు పోలేదు. పేగు కదలిక నెమ్మదించింది కానీ కొవ్వును విడగొట్టే పని జరగలేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ తర్వాత కొవ్వు తగ్గించిన ఆహారం సూచించారు. విరేచనాలు చక్కబడ్డాయి, రోగికీ కుటుంబానికీ ఊరట కలిగింది, కానీ బరువు అంతకుముందుకంటే వేగంగా పడిపోయింది. కొవ్వు గ్రాముకు 9 కేలరీలు ఇస్తుంది. చిన్న భోజనాలే చేయగల మనిషికి తక్కువ పరిమాణంలో ఎక్కువ శక్తినిచ్చేది అదే కాబట్టి దాన్ని తీసేస్తే లోటు పూడ్చడం కష్టం. అరగని కొవ్వు కంటబడకుండా చేసినంత మాత్రాన అజీర్ణం నయమైనట్టు కాదు.

చివరిగా క్లోమం సంగతి తేల్చడానికి మలంలో ఎలాస్టేజ్ అనే క్లోమ ఎంజైమును కొలిచే పరీక్ష చేశారు. గ్రాముకు 260 మైక్రోగ్రాములు వచ్చింది. 200 దాటితే సాధారణమని అంటారు కాబట్టి, ఎంజైముల లోపం లేదని రాసి ఆ ఫైలు అక్కడితో మూసేశారు.

ఎలాస్టేజ్ ఫలితాన్ని ఎలా చూశాం

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ కేసు మలుపు తిరిగింది ఈ ఫలితం దగ్గరే. ఎలాస్టేజ్ పేగు గుండా ప్రయాణంలో పెద్దగా నశించని ఎంజైము. అందుకే అది మలంలో కొలవడానికి వీలుగా ఉంటుంది, క్లోమం ఎంత తయారుచేస్తోందో అంచనా కట్టడానికి పనికొస్తుంది. దీర్ఘకాలిక క్లోమశోథలో (క్లోమగ్రంథి వాపులో) గ్రంథి పాడైపోయినప్పుడు ఈ సంఖ్య పడిపోతుంది. అయితే తయారైన ఎంజైము ఆహారంతో కలిసిందా లేదా అన్న ప్రశ్నకు ఈ పరీక్ష జవాబు చెప్పదు. ఆహారం ముందే వెళ్లిపోయి, ఎంజైము దాని వెనకాలే ప్రయాణించినా మలంలో రెండూ కనిపిస్తాయి. మా రోగి క్లోమగ్రంథికి ఏ జబ్బూ లేదు, స్కానింగ్‌లోనూ అది మామూలుగానే ఉంది; కాబట్టి ఎలాస్టేజ్ సాధారణంగా ఉండడం మాకు ఆశ్చర్యం కలిగించలేదు. సందేహం గ్రంథి మీద కాదు, పేగుల అమరిక మీద.

దీన్ని తేల్చడానికి పాతదే అయినా సూటిగా జవాబు చెప్పే పరీక్షను ఎంచుకున్నాం. కొలిచిన కొవ్వు తినిపించి మూడు రోజుల మలాన్ని సేకరించి, అందులో కొవ్వును లెక్కగట్టే పరీక్ష ఇది. రోగికీ ప్రయోగశాల సిబ్బందికీ ఇద్దరికీ ఇష్టం లేని పరీక్ష, అందుకే ఈ మధ్య దాదాపు ఎవరూ అడగడం లేదు. రోజుకు 100 గ్రాముల కొవ్వు తినాల్సి ఉండగా ఆయన 80 మాత్రమే తినగలిగారు. అందులో సగటున రోజుకు 19 గ్రాములు మలంలో పోయాయి, అంటే దాదాపు నాలుగో వంతు. ఆరోగ్యవంతులు 100 గ్రాములు తింటే 7 గ్రాముల లోపే పోతుంది. విరేచనాలు ఎక్కువగా ఉన్నంత మాత్రాన కూడా ఈ సంఖ్య కొంత పెరుగుతుంది, 14 గ్రాముల దాకా వెళ్లవచ్చు. అందువల్ల స్వల్పమైన పెరుగుదల కనిపించి ఉంటే నేను దాన్ని నమ్మేవాణ్ణి కాదు. ఇక్కడ తేడా ఆ హద్దు దాటింది.

కొవ్వే ఎందుకు ముందుగా దెబ్బతింది అన్నదానికీ కారణాలున్నాయి. పిండిపదార్థాలకు ఆసరా ఎక్కువ. లాలాజలంలోని అమైలేజ్ నోట్లోనే పని మొదలుపెడుతుంది. మామూలుగా జీర్ణాశయ ఆమ్లం దాన్ని ఆపేస్తుంది, ఈ రోగిలో ఆ ఆటంకం కూడా లేదు. ఆ తర్వాత పేగు గోడ మీది మాల్టేజ్, సుక్రేజ్ వంటి ఎంజైములు మిగతా పని పూర్తిచేస్తాయి. ప్రోటీన్లకు కూడా పేగు గోడ మీద పెప్టిడేజ్‌ల సాయం ఉంది. కొవ్వుకు అంత ఆసరా లేదు. క్లోమ లైపేజ్ పనిచేయాలంటే పైత్యలవణాలు కొవ్వును సన్నని బిందువులుగా చీల్చి ఉండాలి, కోలైపేజ్ అనే సహాయక ప్రోటీన్ లైపేజ్‌ను ఆ బిందువు మీద నిలిపి ఉంచాలి. పైగా పేగులో ముందుకు సాగేకొద్దీ మిగతా ఎంజైములకంటే లైపేజ్ త్వరగా నశిస్తుంది. ఆలస్యంగా బయలుదేరిన లైపేజ్‌కు పని చేసే వ్యవధి చాలా తక్కువ.

మొదటి చికిత్స, దాని పరిమితి

క్లోమ ఎంజైముల గుళికలు ఇవ్వాలని నిర్ణయించాం. ఈ మందు పంది క్లోమం నుంచి తయారవుతుందని ముందే చెప్పి, ఆయనకూ కుటుంబానికీ అభ్యంతరం లేదని తెలుసుకున్నాకే రాశాం. ఇది చాలామంది వైద్యులు అడగడం మరచిపోయే ప్రశ్న. ప్రధాన భోజనానికి 50,000 యూనిట్ల లైపేజ్, చిన్న భోజనానికి 25,000 యూనిట్ల చొప్పున, మొదటి ముద్దతో పాటు మింగమన్నాం. కొవ్వు మీది నిషేధాన్ని తొలగించాం. ఆహారంలో కొవ్వే లేకపోతే మందు పనిచేస్తోందో లేదో తెలుసుకునే దారి కూడా ఉండదు.

నాలుగు వారాల తర్వాత మార్పు నామమాత్రమే. ఇక్కడ మా ముందు పలు దారులున్నాయి. మోతాదు రెట్టింపు చేయడం మొదటిది. ఆమ్లాన్ని తగ్గించే మందు జోడించడం రెండవది. క్లోమశోథ రోగుల్లో ఈ రెండూ సరైన అడుగులే, ఎందుకంటే వారి క్లోమం క్షారాన్ని తక్కువగా స్రవిస్తుంది, ఆమ్లత్వం మిగిలిపోతుంది, పీహెచ్ (తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువని చెప్పే కొలత) 4కు దిగువన ఉంటే లైపేజ్ శాశ్వతంగా పాడవుతుంది. మా రోగికి జీర్ణాశయమే లేదు. లేని ఆమ్లాన్ని తగ్గించే మందుతో ప్రయోజనం ఏముంటుంది? మోతాదు పెంచడం మీద కూడా నాకు నమ్మకం కలగలేదు. తప్పు మోతాదులో ఉంటే పాక్షికంగానైనా ఫలితం కనబడాలి.

అందుకే గుళిక నిర్మాణాన్ని మళ్లీ పరిశీలించాం. గుళిక లోపల చిన్న చిన్న గింజలుంటాయి, ఒక్కో గింజ మీద ఆమ్లానికి కరగని పూత ఉంటుంది. జీర్ణాశయంలో లైపేజ్‌ను కాపాడి, పీహెచ్ 5.5 దాటిన చోట కరగడానికే ఆ పూత వేస్తారు. ఆ కరగడానికి కొంత వ్యవధి పడుతుంది. జీర్ణాశయం ఉన్నవారిలో గింజలు అక్కడ ఆహారంతో కలిసి, దానితో పాటే దిగుతాయి. ఈ రోగిలో అలా కలిసే చోటే లేదు. గుళిక నేరుగా జెజునంలోకి జారి, గుళిక విచ్చుకుని గింజల పూత కరిగేలోపు, దానితో పాటు మింగిన ఆహారం చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది. అంటే మేమిచ్చిన మందు కూడా ఆయన సొంత ఎంజైముల మాదిరిగానే ఆలస్యమవుతోంది.

పనిచేసిన మార్పు

మొదట గుళికలను విప్పి గింజలను భోజనం పొడవునా కొద్దికొద్దిగా తీసుకోమన్నాం, నమలకుండా మింగాలని గట్టిగా చెప్పాం. ఉబ్బరం కొంత తగ్గింది, విరేచనాల్లో జిడ్డు తగ్గింది, కానీ మేము ఆశించినంత కాదు. పూత మాత్రం అలాగే ఉంది కదా. దాంతో పూత లేని ఎంజైము పొడికి మారాం. ఆమ్లం ఉన్న రోగిలో పూత లేని పొడి చాలావరకు వృథా అవుతుంది. ఈయనలో దాన్ని నాశనం చేసేదేదీ లేదు, కాబట్టి పూత తీసేస్తే నష్టం లేదు, సమయం మాత్రం కలిసివస్తుంది. మోతాదు అదే, భోజనం మొదట్లో కొంత, మధ్యలో కొంత, చివర కొంత.

ఈ పొడి నోట్లో నిలిస్తే నోటి పొరనే అరిగించి పుండ్లు తెప్పించగలదు. ప్రతిసారీ నీళ్లు పుక్కిలించి మింగమనీ, నాలుక మీద పెట్టుకుని ఉండవద్దనీ చెప్పాం. తొలి వారంలో పెదవి లోపలి వైపు చిన్న మంట తప్ప ఇబ్బంది రాలేదు.

రెండు వారాల్లోనే విరేచనాలు రోజుకు రెండుకు తగ్గాయి, లేత రంగు పోయింది. రెండు నెలల్లో రెండు కిలోల బరువు పెరిగారు. అయితే సాయంత్రపు ఉబ్బరం, గ్యాస్ మాత్రం అంతగా తగ్గలేదు, పెరుగుదల కూడా అక్కడే నిలిచిపోయింది.

పక్క పాయలో బ్యాక్టీరియా పెరిగి ఉండవచ్చని అప్పుడు ఆలోచించాం. ఆమ్లం లేనందున బ్యాక్టీరియాకు అడ్డు లేదు, ఆహారం ప్రవహించని పాయలో కదలిక తక్కువ. పెరిగిన బ్యాక్టీరియా పైత్యలవణాల నిర్మాణాన్ని విడగొట్టేస్తుంది, అప్పుడు కొవ్వు సన్నని బిందువులుగా చీలదు; ఎంత లైపేజ్ ఇచ్చినా అది పనిచేయాల్సిన ఉపరితలం దొరకదు. దీన్ని కనుక్కోవడానికి గ్లూకోజ్ తాగించి ఊపిరిలో హైడ్రోజన్‌ను కొలిచే శ్వాసపరీక్ష ఉంది. కానీ జీర్ణాశయం లేని రోగిలో గ్లూకోజ్ వేగంగా పెద్దపేగు దాకా చేరి అక్కడి బ్యాక్టీరియా వల్ల హైడ్రోజన్ పెరిగితే, పరీక్ష అబద్ధపు పాజిటివ్ చూపుతుంది. చదవడానికి వీల్లేని ఫలితం తెప్పించుకుని చేసేదేమీ లేదనిపించి, రోగితో చర్చించి రిఫాక్సిమిన్ అనే యాంటీబయాటిక్‌ను రెండు వారాలు ఇచ్చి చూశాం. ఉబ్బరం గణనీయంగా తగ్గింది. పరీక్షించకుండా యాంటీబయాటిక్ ఇవ్వడం నాకు అలవాటు కాదు, ఇక్కడ మాత్రం ఆ పరీక్ష కంటే చికిత్సకు వచ్చే స్పందనే ఎక్కువ చెబుతుందని భావించాను.

ఆ తర్వాత మళ్లీ మూడు రోజుల మలపరీక్ష చేశాం, అదే 80 గ్రాముల కొవ్వు మీద. 19 గ్రాములు 7కు తగ్గాయి. పూర్తిగా సాధారణం కాదు, కానీ ఆయన శరీరంలోకి ప్రతిరోజూ అదనంగా వంద కేలరీలకు పైగా చేరుతున్నాయి. ఏడాది చివరికి బరువు 54 దాటింది. విటమిన్లను మొదట్లో ఎక్కువ మోతాదులో ఇచ్చి తర్వాత నిలకడ మోతాదుకు తెచ్చాం; మసక వెలుతురులో చూపు మెరుగైంది, ప్రోథ్రాంబిన్ సమయం సాధారణమైంది.

మధ్యలో ఒకసారి ఆయనకు పొడి దొరకక వారం రోజులు ఆగిపోయింది. జిడ్డు విరేచనాలు రెండు మూడు రోజుల్లోనే తిరిగొచ్చాయి, మళ్లీ మొదలుపెట్టగానే ఆగాయి. మేము కావాలని చేసిన పరీక్ష కాదు. అయినా చికిత్సలో ఏది ఎంత పనిచేస్తోందో అన్న సందేహాన్ని ఇది చాలావరకు తీర్చింది. రిఫాక్సిమిన్ ఒక్కటే కారణమై ఉంటే, పొడి ఆపిన వెంటనే ఇలా జరిగేది కాదు.

ఈ కేసు నుంచి మా విభాగంలో మారినవి

జీర్ణాశయం పూర్తిగానో చాలావరకో తీసేసినవారు బరువు తగ్గుతూ వస్తే, ఎలాస్టేజ్ సాధారణంగా ఉందన్న కారణంతో ఎంజైముల ప్రశ్నను ఇప్పుడు మేము వదిలేయడం లేదు. క్లోమశోథ రోగిలో ఆ సంఖ్యకు ఉన్న విలువ వీరిలో లేదు. విటమిన్ ఎ, డి లతో పాటు ప్రోథ్రాంబిన్ సమయం చూడడం, తింటున్న కేలరీలను నిపుణుల చేత లెక్కగట్టించడం మా తొలి సందర్శనలోనే చేరాయి. ఆకలి బాగుండి బరువు తగ్గడం, ఆకలి లేక బరువు తగ్గడం రెండూ వేరు. మొదటిదానికి మూడు రోజుల మలపరీక్ష చేయడానికి సిబ్బందిని ఒప్పించడం ఇప్పటికీ కష్టమే.

ఎంజైమును రాయడంలో కూడా మార్పు వచ్చింది. మోతాదు ఎంత అన్నదానికి ముందు, ఆ రోగిలో ఆహారం ఏ దారిన వెళుతుందో, ఆమ్లం ఉందో లేదో, ఎంజైముకు ఆహారం ఎక్కడ తగులుతుందో కాగితం మీద గీసి చూస్తున్నాం. ఆమ్లం మిగిలి ఉన్న రోగికి పూత అవసరం. లేని రోగికి అది ఆటంకం. పాక్షికంగా జీర్ణాశయం మిగిలినవారిలో ఏది సరిపోతుందో చెప్పడం కష్టం, ఒక్కొక్కరిలో ఒక్కో విధంగా ఉంటుంది. వారికి పూత ఉన్న గుళికలతోనే మొదలుపెట్టి, ఫలితం లేకపోతే గుళికలు విప్పి చూస్తున్నాం.

మా రోగి ఇప్పుడూ ఆరుసార్లే తింటారు, ప్రతి భోజనంలో పొడిని మూడు భాగాలుగా తీసుకుంటారు. శస్త్రచికిత్సకు ముందున్న 68 కిలోలకు ఆయన చేరుతారని మేము అనుకోవడం లేదు, ఆయనకూ ఆ మాట చెప్పాం. ఉబ్బరం తిరిగొస్తే రిఫాక్సిమిన్ మళ్లీ ఇవ్వాలా, పొడి మోతాదును ముందు సర్దాలా అన్నది ఆ సమయానికి మలం తీరు చూసి నిర్ణయిస్తాం. ఎముకల సాంద్రత పరీక్ష వచ్చే ఏడాదికి రాసి ఉంచాం.